బొరుగులత్త బిందె

ఆ పొద్దున కొళాయి దగ్గర ఉన్నవి ఇవి. సిమెంటు గట్టు. దాని మీద మెడ వంగిన ఇనుప కొళాయి, కొళాయి మూతికి చుట్టిన సైకిలు ట్యూబు ముక్క. గట్టు కింద చిత్తడిలో రెండు కోళ్లు, ఒక బక్క కుక్క. స్టీలు బిందెలు, ఎరుపూ పచ్చా ప్లాస్టిక్ బిందెలు, పెళ్లినాటి పేరు చెక్కిన ఇత్తడి బిందె ఒకటి, మట్టి కడవ ఒకటి, పిడి కట్టిన పెయింటు డబ్బా ఒకటి (అదీ బిందె కిందే లెక్క). మెడకు ఎర్రగుడ్డ పీలిక కట్టిన సొట్టల సత్తు బిందె ఒకటి. నోట్లో వేపపుల్లలతో ఆడవాళ్లు. సైకిళ్లకు బిందెలు కట్టుకుపోయే మగవాళ్లు ఇద్దరు. మా అవ్వకు బదులు నేను.

ఇదంతా మళ్లీ గుర్తుకు రావడానికి కారణం ఒక పచ్చ దీపం. పెద్ద భవనాల ట్యాంకుల్లో నీటిమట్టం కొలిచే పరికరాలను చూసుకోవడం నా ఉద్యోగం. ఈ మధ్య ఒకచోట ట్యాంకు పూర్తిగా అడుగంటింది. మా తెర మీద మాత్రం అది ముప్పాతిక నిండినట్టే ఉంది. లోపలి పరికరం ఎప్పుడో చచ్చిపోయింది. దానికీ మా తెరకూ మధ్యలో ఉన్న పెట్టె దాని చివరి అంకెనే మళ్లీ మళ్లీ అప్పజెబుతూ వచ్చింది. మేం తెర మీద ఆ దీపాన్ని రోజూ చూశాం. పచ్చగా ఉంది కాబట్టి మూత ఎత్తి చూడలేదు. చివరికి నేనే ఎక్కి ఎత్తాను. ఎండిన సిమెంటు వాసన గుప్పుమంది. ఆ వాసన వెనకే ఆ వీధి, ఆ గట్టు, ఎర్రగుడ్డ కట్టిన ఆ బిందె వచ్చాయి.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లో పదేళ్లో. అమ్మ కాన్పు కోసం గోరంట్ల వైపు పుట్టింటికి వెళ్లింది. మంచం దిగకూడదని డాక్టరు చెప్పాడు కాబట్టి నన్ను చూసుకునే వీలు అక్కడ లేదు. నాయనకు గుంతకల్లు రైల్వేలో పని, షిఫ్టులు. అందుకని వేసవి సెలవులకు నన్ను బత్తలపల్లె దాటి లోపలికి ఉన్న అవ్వ ఊళ్లో దించి, మరుసటి బస్సుకే వెళ్లిపోయాడు. ఆదివారం వస్తానన్నాడు. ఆ ఆదివారం రాలేదు, తర్వాతి ఆదివారమూ రాలేదు.

నాయనను కన్న తల్లి ఆ అవ్వ. మోకాళ్లు అరిగిపోయి గడప దాటడమే కష్టం. పొద్దస్తమానం గోడకు ఆనుకుని, వానలకు ముందు విత్తనానికని ఇచ్చిన చెనక్కాయలు ఒలుస్తూ ఉండేది. గింజ మొన విరగకూడదు, కాబట్టి ఆమె చూపంతా వేళ్ల మీదే. ఇల్లంతా పొట్టు దుమ్ము, ఎండిన మట్టి వాసన. మధ్యాహ్నం రాగిసంగటి, ఊరిబిండి పచ్చడి. "తిన్నావా?" అని అడిగేది. తిన్నానంటే ఇంక మాట ఉండేది కాదు. నేను తల తిప్పి చూసేసరికి ఆమె చూపు మళ్లీ కాయల్లోకి వెళ్లిపోయి ఉండేది.

ఊరి పిల్లలు నాకు 'రైలు' అని పేరు పెట్టారు. గుంతకల్లులో మా క్వార్టర్స్ వెనక గూడ్సుబండి పోతుంటే పెట్టెలు లెక్కపెట్టడం నాకు అలవాటు. ఆ మాట వాళ్లకు చెప్పడమే పొరపాటైంది. "ఏయ్ రైలూ, కూత పెట్టురా," అనేవాళ్లు. పెట్టకపోతే ఆటలోకి రానివ్వరు. పెడితే నవ్వి వెళ్లిపోతారు. ఆ ఊరికి రైలు లేదు. అందుకని బిందెలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

ఆ ఊరి వరుసకు ఒక పద్ధతి ఉండేది. కరెంటు వస్తేనే బోరు నడిచేది, బోరు నడిస్తేనే కొళాయిలో నీళ్లు. అదీ పొద్దున కొంతసేపు, సాయంత్రం కొంతసేపు, చిటికెనవేలంత ధార. అంతసేపు నిలబడే తీరిక ఎవరికీ లేదు కాబట్టి ఇంటికొక బిందె వరుసలో పెట్టి పనులకు వెళ్లేవాళ్లు. బిందె ఉంటే మనిషి ఉన్నట్టే. ముందు బిందె నిండి లేచిపోతే, వెనక ఉన్నవాళ్లు మనిషి లేని బిందెలను కూడా చేత్తోనో కాలితోనో ముందుకు జరిపేవాళ్లు. వంతు వచ్చేసరికి ఆ మనిషి ఇంకా రాకపోతే వాళ్లే పట్టి పక్కన పెట్టేవాళ్లు. ఎంత పగవాళ్ల బిందె అయినా జరపాల్సిందే. వరుసలోంచి ఇంకొకరి బిందెను తీసెయ్యడం మాత్రం మహాపరాధం. దానికోసం కొప్పులు పట్టుకున్న కథలు ఆ ఊళ్లో చాలా ఉన్నాయి.

వచ్చిన కొత్తలో ఒక అల్లరి పని చేశాను. అచ్చం ఒకేలా ఉన్న రెండు స్టీలు బిందెలను ఎవరూ చూడకుండా ఒకదాని చోట ఒకటి పెట్టాను. వాటి ఆడవాళ్లిద్దరూ ఏదో మాట్లాడుకుంటూ వచ్చారు, మాట ఆపకుండానే చేతులు అడ్డంగా చాచి ఎవరి బిందెను వాళ్లు తీసుకున్నారు. ఒకామె మాత్రం, "దీన్ని ఎవుడో కదిలించినాడే," అంది. సొట్టను బట్టి, అంచు వంపును బట్టి, ఊళ్లో ప్రతి బిందె ఎవరిదో వాళ్లకు తెలుసు. మనుషుల్ని కూడా అంత బాగా గుర్తుపట్టేవాళ్లో లేదో నాకు తెలియదు.

సత్తు బిందె బొరుగులత్తది. ఊరి చివర, కంపచెట్ల పక్కన, ఒకే గది ఇల్లు. ముందు వసారాలో మట్టిపొయ్యి. చెనక్కాయ పొట్టు మంట మీద ఇసుక కాల్చి బొరుగులు, అంటే మరమరాలు, వేయించి అమ్మేది. మొగుడు లేడు, పిల్లలు లేరు. నోరు మాత్రం పెద్దది. వరుసలో ఎవరు ఎక్కడ తప్పినా ముందు లేచేది ఆమె గొంతే. తన బిందె మీద చెయ్యి పడిన చప్పుడు వినపడితే ఇంట్లోంచి పొరక పట్టుకుని వస్తుందని చెప్పుకునేవాళ్లు. ఎవరికీ ఆమె అంటే ఇష్టం లేదు. బొరుగులంటే అందరికీ ఇష్టం.

ఆమె నాతో మొదట అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది.

"ఏయ్ రైలూ, ఎడం చక్రం యాలరా ఎత్తి పెడతాండావు?"

మడమలో ముల్లు దిగి అప్పటికే చాలా రోజులైంది. నేను కాలి అంచు మీద నడుస్తున్నాను. అవ్వకు చెప్పలేదు, అవ్వ చూడలేదు. వరుసలో అందరి ముందూ కుంటుతూనే నీళ్లు మోశాను. బొరుగులత్త నా చెవి పట్టుకుని ఇంటికి తీసుకుపోయింది. పిన్నీసు మంటలో కాల్చి, కాలు ఒడిలో పెట్టుకుని ముల్లు తీసింది. నేను అరిస్తే, "కూత ఇప్పుడు పెట్టు, ఎంత గట్టిగా పెడతావో పెట్టు," అంది. జిల్లేడు పాలు రాసింది. ఆ తర్వాత వేడివేడి బొరుగుల్లో ఉల్లిగడ్డ, వేయించిన చెనక్కాయ బుడ్డలు, కారప్పొడి, రోంత నూనె కలిపి దొప్పలో పెట్టింది. కాలిన ఇసుక వాసన, పచ్చి నూనె వాసన. ఆ ఊళ్లో నాకు నచ్చిన మొదటి వాసన అదే.

ఆ తర్వాత రోజూ వెళ్లేవాణ్ణి. ఆమె ముద్దు చేసేది కాదు. జల్లెడ పట్టమనేది, సరిగా పట్టకపోతే తిట్టేది. నా బిందెల లెక్క వినేది.

"అంతా బాగుండాదిగానీ, బిందెల్ని చూస్తే ఏం వస్తాదిరా? బిందె మాట్లాడతాదా? మోసేదాని మొగం చూడు. ఆ నీలంచీర కోడలు ఉండాదే, ఈ నాలుగు దినాల నుంచి బిందె చంకన పెట్టుకోకుండా తలమీద పెట్టుకుంటాంది. ఎందుకు?"

"తెల్దత్తా."

"కడుపుతో ఉండాది. వాళ్లత్తకే ఇంగా తెల్దు. నువ్వు యాడా చెప్పగాకు."

నిజమేనని వారం తర్వాత ఊరంతా తెలిసింది. నేను ఆ కోడలి మొగం అప్పుడు చూశాను, మొదటిసారి. నాకన్నా మరీ పెద్దదేం కాదు.

ఇక గొడవ. ఒకరోజు సాయంత్రం ఎండ ఇంకా దిగలేదు. కుట్టుమిషను ఉన్న ఇంటావిడను అందరూ మిషను పెద్దమ్మ అనేవాళ్లు. భారీ మనిషి, ఇంటినిండా జనం. తన చోటుకు గుర్తుగా వరుసలో రాయి పెట్టిపోయి, నీళ్లు రాగానే రాయి తీసి రెండు బిందెలు పెట్టింది. బొరుగులత్త చూసింది.

"ఒక రాయికి ఒక బిందె. రాయి ఏమన్నా పిల్లల్ని పెట్టిందా?"

అందరూ నవ్వారు. మిషను పెద్దమ్మకు ఒళ్లు మండింది.

"నీకేమమ్మా, ఒంటి మనిషివి. నా ఇంట్లో తొమ్మిది నోర్లుండాయి."

"నీ ఒక్క నోరే తొమ్మిదికి సమానం. తియ్ బిందె."

"ఒంటిదానికి ఇంత పొగరా? రేపు చస్తే నోట్లో నీళ్లు పోసేదానికి ఎవురుండారే నీకు?"

నవ్వు ఆగిపోయింది. బొరుగులత్తకు ఎప్పుడూ మాట తడుముకునే పని లేదు. ఆ రోజు మాత్రం బిందె మెడకున్న ఎర్రగుడ్డ ముడి బిగించింది.

"ఎవురు పోసినా తాగుతాగానీ, నీ నీళ్లు మాత్రం తాగను పో," అంది చివరికి. "ఇంగ మీ మొగాలు చూస్తే ఒట్టు." బిందెను వరుసలోనే వదిలేసి వెళ్లిపోయింది.

వరుస ఆగలేదు. సత్తు బిందె వంతు వచ్చింది. ఎవరో పట్టి గట్టు పక్కన పెట్టారు.

మరుసటి పొద్దున ఆ బిందె నిండుగా అక్కడే ఉంది. నీళ్ల మీద వేపాకులు రెండు, చచ్చిన తేనెటీగ ఒకటి తేలుతున్నాయి. నీలంచీర కోడలు చూసింది. "కోపం దిగినాక వస్తాదిలే. ఈ నీళ్లు పాడవుతాయి. నేను వాడుకోని సాయంత్రం నావి ఇస్తా," అని తన బిందెలోకి ఒంపుకుని, ఖాళీ సత్తు బిందెను మళ్లీ వరుస చివర పెట్టింది. మంచి బుద్ధితోనే చేసింది. వెనకవాళ్లు మంచి బుద్ధితోనే జరిపారు.

మధ్యాహ్నం ఆమె ఇంటికి వెళ్లాను. పొయ్యిలో బూడిద చల్లగా ఉంది. జల్లెడ గోడకు తగిలించి ఉంది. తలుపు లోపల గడియ వేసి ఉంది. "అత్తా," అని పిలిచాను. ఇంకోసారి పిలిచాను. లోపల ఏ చప్పుడూ లేదు. ఆ ఎండలో కంపచెట్ల నీడ కూడా సన్నగా ఉంది. నిలబడి నిలబడి వచ్చేశాను.

"అవ్వా, బొరుగులత్త తలుపు తియ్యలేదు."

"కోపమొస్తే ఆమె అంతేరా. పోయిన దసరాకు పండగంతా తలుపేసుకునే ఉండె."

"పొయ్యి ముట్టించలేదవ్వా."

"కోపమొస్తే తినరు." అవ్వ వేళ్లు ఆగలేదు. చిట్లిన పెంకు చప్పుడు, ఇంకో చిట్లిన పెంకు చప్పుడు.

ఆ సాయంత్రం కూడా బిందె నిండింది, పక్కకు పోయింది. నీలంచీర కోడలు అత్తగారి కేకకు ఇంటికి పరుగెత్తింది, బాకీ నీళ్ల సంగతి మరిచిపోయింది. చివర్లో ఎవరో బిందెను దాహమైన లేగదూడకు వంచి, కడిగి, తెల్లారి వరుసకు సిద్ధంగా పెట్టిపోయారు.

ఆ మర్నాటి పొద్దునే నేను మొదట్లో చెప్పిన పొద్దు.

ధార సన్నగా పడుతోంది. సత్తు బిందె వరుస మధ్యలో ఉంది, ముందుకు వస్తోంది. నేను దాని వెనక నిలబడ్డాను.

"అత్త రాలేదు," అన్నాను.

"ఏ అత్తరా?"

"బొరుగులత్త."

"బిందె ఉండాది గదరా," అంది ఒకామె.

"బిందెను అత్త పెట్టలేదు. ఈ అక్క పెట్టింది."

నీలంచీర కోడలు, "నేను పెట్టింది నిన్నప్పా. ఇయ్యాల ఆమే వచ్చి పెట్టింటాది," అంది.

"ఎవురు చూసినారు?"

ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. ఎవరూ చూడలేదు. అయినా వెనకనుంచి ఎవరో, "నువ్వేమన్నా పోలీసోనివారా?" అనేసరికి అందరూ నవ్వారు. "గమ్మునుండి నీ బిందె జరుపుకో రైలూ. బండి ఆగిపోతాంది."

నేను మళ్లీ చెప్పాను. నా గొంతు చిన్నది. వేపపుల్లలు నమిలే చప్పుడులో అది ఎక్కడిదాకా వెళ్లిందో తెలియదు. ముందు బిందె లేచింది. వెనకామె వంగి, చూడకుండానే, సత్తు బిందెను కాలితో మెల్లగా ముందుకు తోసింది.

అప్పుడు ఆ బిందెను రెండు చేతులా ఎత్తి వరుస బయటికి విసిరేశాను.

అది వాలు వెంట దొర్లింది. సత్తు బిందె రాళ్ల మీద దొర్లితే వచ్చే చప్పుడు అంతా ఇంతా కాదు. కోళ్లు ఎగిరాయి. చివర మురికినీళ్ల మోరీ దగ్గర అడ్డంపడి ఆగింది.

"ఏయ్! బిందె పీకినాడు!"

"నీ చేతులిరగ, ఎవురి బిందెరా అది!"

"అయిపోయినావురా రైలూ! ఇంగ చూడు, వస్తాది పొరకెత్తుకోని!"

అందరూ ఆమె సందు వైపు తిరిగారు. కొందరు నవ్వుతున్నారు, పోట్లాట చూసే సంబరంతో. ఆమె వస్తే చావగొడుతుంది. రావాలి, వచ్చి కొట్టాలి అనుకున్నాను.

సందులో ఒక మేక నిలబడి ఉంది. అది కూడా ఇటే చూస్తోంది.

నవ్వులు ఒక్కొక్కటే తగ్గాయి. కొళాయి కింద బిందె నిండింది, పొర్లింది. నీళ్లు గట్టు మీదుగా కిందికి పారుతున్నాయి. ఆ ఊళ్లో చెంచాడు నీళ్లు ఒలికితే తిట్లు పడేవి. ఆ పొద్దున ధార అంతా మట్టిపాలవుతున్నా ఎవరూ బిందె తియ్యలేదు.

మొదట మాట్లాడింది మిషను పెద్దమ్మ. గొంతు ఆమెదిలా లేదు.

"రాలేదే," అంది.

అప్పుడే నింపిన బిందెను చంకనే ఉంచుకుని ఆ భారీ మనిషి పరుగెత్తింది. వెనక అందరూ.

సైకిలాయన తలుపును భుజంతో గుద్దాడు. మూడో దెబ్బకు గడియ ఊడింది. లోపల బొరుగులత్త గోడకూ వడ్లు నానబెట్టిన తొట్టికీ మధ్య పడి ఉంది. కాలు ఉండకూడని వైపు తిరిగి ఉంది. అటక మీది డబ్బా అందుకోబోయి, గొడవపడి వచ్చిన ఆ సాయంత్రమే పడిపోయిందట. చెయ్యి అందినంత మేర తొట్టిలో వడ్ల నీళ్లు తోడుకుని పెదాలు తడుపుకుంటూ బతికింది. పెదాలు పగిలి తెల్లగా ఉన్నాయి. కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి. ఆ కళ్లు గుంపునంతా వెతికి నా మీద ఆగాయి.

"నా బిందె... యాడుండాదిరా?"

"మోరీ కాడుండాదత్తా. నేనే విసిరేసినా."

ఆమె ఏదో అనబోయింది. తిట్టే అయ్యుంటుంది. గొంతు రాలేదు. మిషను పెద్దమ్మ కింద కూలబడి, ఆమె తల తొడమీద పెట్టుకుని, దోసిట్లో నీళ్లు పట్టింది. బొరుగులత్త మొగం పక్కకు తిప్పుకుంది.

"నీ నీళ్లా?"

"కాదు తల్లీ. కొళాయివి. తాగు."

తాగింది. మిషను పెద్దమ్మ ఏడుస్తూ పోసింది. నీళ్లు సగం కొంగు మీదే పోయాయి.

మంచంతో సహా ఎత్తి చెనక్కాయ మూటలు తోలే టెంపోలో ఎక్కించారు. ఎక్కించే ముందు ఆమె నన్ను దగ్గరికి రమ్మంది.

"నిన్న నువ్వు పిలిచింది వినపడిందిరా. పలికితి. నా పలుకు నాకే వినపడలే." చేత్తో ఇంటివైపు చూపించి, "డబ్బాలో బొరుగులుండాయి. మెత్తబడక ముందే తినెయ్," అంది.

ఆ రోజు మధ్యాహ్నం అవ్వ చెనక్కాయల చేట పక్కకు జరిపింది. చేతులకు పొట్టు దులుపుకుని, నా ఎడం కాలు పట్టుకుని, మడమ తిప్పి చాలాసేపు చూసింది. ముల్లు దిగిన చోట అప్పటికి నల్లటి చుక్క తప్ప ఏమీ లేదు.

"నాకు ఎందుకు చెప్పలేదురా?" అంది.

మళ్లీ అడగలేదు. కాలు మాత్రం కాసేపు వదల్లేదు.

తర్వాత చెల్లి పుట్టింది. నాయన వచ్చి గుంతకల్లుకు తీసుకుపోయాడు. ఆసుపత్రి నుంచి బొరుగులత్తను ఆమె చెల్లెలు తన ఊరికి తీసుకుపోయిందని, కాలు సరిగా అతకలేదని ఆ తర్వాత తెలిసింది. ఆమెను నేను మళ్లీ చూడలేదు.

ఇప్పుడు ఆ ఊళ్లో ఇంటింటికీ కొళాయి ఉంది. గట్టు మీద బైకులు నిలుపుతున్నారు. ఎవరి నీళ్లు వాళ్ల వాకిట్లోనే పడతాయి. ఏ ఇంట్లో నీళ్లు పట్టలేదో పక్కింటికి తెలిసే వీల్లేదు. నేను ఉండే అంతస్తులో కూడా అంతే. ఎదురు తలుపు వెనక ఎవరున్నారో నాకు తెలియదు, వాళ్లకు నేనూ తెలియదు. తలుపుకింద వెలుతురు కనిపిస్తుంది, అది చాలనుకుంటాం. ఎండిన ట్యాంకు చూసి వచ్చిన సాయంత్రం ఆ తలుపు ముందు కాసేపు నిలబడ్డాను. గంట నొక్కాను. ఒక ముసలాయన తీశాడు. ఏం కావాలన్నాడు. ఏమీ లేదు, ఊరికే, అన్నాను. ఆయన తలుపు వెంటనే వెయ్యలేదు.

ఆ వరుసను నేను చివరిసారి చూసింది మరుసటి వేసవిలో. చెల్లిని చూపించడానికి అమ్మ, నాయన, నేను అవ్వ దగ్గరికి వెళ్లాం. పొద్దున్నే అలవాటుగా కొళాయి దగ్గరికి వెళ్లాను. ఒక కొత్త పద్ధతి కనిపించింది. మనిషి లేని బిందెను జరిపేవాళ్లు ముందు ఆ మనిషిని గట్టిగా పిలుస్తున్నారు. ఎక్కడినుంచో "ఆఁ, వస్తాండా," అని వినపడితేనే జరుపుతున్నారు. వినపడకపోతే ఒక పిల్లను ఇంటికి తరుముతున్నారు.

వరుస మధ్యలో సత్తు బిందె ఉంది, ఎర్రగుడ్డతో. సొట్టలు రెండు ఎక్కువయ్యాయి, అవి నావి. దాన్ని రోజూ పెట్టేది మిషను పెద్దమ్మ. పట్టిన నీళ్లు మేకలకు పోస్తుందట.

"ఆమె వస్తే వరుసలో చోటుండొద్దారా?" అంది నాతో.

ఆ బిందె వంతు వచ్చినప్పుడు వెనకామె, "బొరుగులక్కా!" అని పిలిచింది. అందరూ ఒకసారి సందు వైపు చూశారు. ఎవరూ పలకలేదు. కాలితో కాదు, చేత్తో జరిపింది.

పలికినవాళ్లను కూడా కలిపి నేను లెక్కపెట్టాను. బిందెలు ముప్పై ఒకటి. మనుషులు ముప్పై.